శక్తి తక్కువ, వేగం ఎక్కువ: సూపర్‌చార్జ్‌డ్ కారులో ఇథనాల్

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో హెథెల్ అని ఒక చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు అక్కడి నుంచే ఎగిరేవి. యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు ఆ పాత ఎయిర్‌ఫీల్డ్‌లోనే లోటస్ కార్ల కంపెనీ ఫ్యాక్టరీ పెట్టుకుంది. 2006లో ఆ కంపెనీ ఇంజనీర్లు తమ ఎక్సీజ్ ఎస్ అనే బుల్లి స్పోర్ట్స్ కారుకు ఒక మార్పు చేశారు. పెట్రోలుకు బదులు 85 శాతం ఇథనాల్, 15 శాతం పెట్రోల్ కలిసిన ఇంధనంతో, అంటే ఇ-85తో నడిచేలా తయారుచేశారు. మామూలు ఎక్సీజ్ ఎస్ సత్తా 218 హార్స్‌పవర్. మార్చిన కారుకు ఎక్సీజ్ 265ఇ అని పేరు పెట్టారు, దాని సత్తా 264 హార్స్‌పవర్. నిలబడ్డ చోటు నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి దానికి 3.88 సెకన్లు చాలు.

ఇంజన్ అదే. టయోటా తయారుచేసిన 1.8 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజన్. పోసిన ఇంధనం మాత్రం పెట్రోల్ కన్నా నీరసమైనది. లీటరు పెట్రోల్‌ను కాలిస్తే సుమారు 32 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్లకు మించి లేవు. మూడో వంతు తక్కువ! నీరసమైన ఇంధనం పోస్తే కారుకు 46 హార్స్‌పవర్ అదనంగా ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఇదే ప్రశ్నను ఇంకోలా మనవాళ్లు కొన్నేళ్లుగా అడుగుతున్నారు. బంకులో 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ-20 పెట్రోల్ పోయించుకున్నాక మైలేజీ తగ్గిందని మోటార్ సైకిల్ మీద ఆఫీసుకు పోయే మనిషి గొణుగుతుంటాడు. అదే ఇథనాల్ కోసం అమెరికాలో కారు పిచ్చి ఉన్న కుర్రాడు పాతిక మైళ్ల అవతలి బంకుకు వెళ్లి క్యాన్లలో నింపుకొస్తాడు. ఇద్దరి అనుభవమూ నిజమే. తేడా ఎక్కడుందో తెలియాలంటే ఇంజన్ లోపలి వేడి సంగతి తెలియాలి.

ఇంజన్ ఎంత సత్తా చూపిస్తుందనేది సిలిండర్‌లో ఎంత గాలి పడుతుందనే దాన్ని బట్టి ఉంటుంది. ఇంధనాన్ని పంపుతో ఎంతైనా తోయొచ్చు. దాన్ని కాల్చడానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం గాలిలోంచే రావాలి. కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. ఇప్పుడు లెక్కను తిరగేసి కిలో గాలికి ఎంత శక్తి వస్తుందో చూడండి. కిలో పెట్రోల్‌లో సుమారు 43.5 మెగాజౌళ్లు ఉంటాయి, 14.7తో భాగిస్తే 2.96 వస్తుంది. కిలో ఇథనాల్‌లో 26.8, దాన్ని 9తో భాగిస్తే 2.98. రెండూ ఒకటే అన్నట్టు! లీటర్లలో కొలిస్తే నీరసంగా కనిపించిన ఇథనాల్, గాలి లెక్కలో చూస్తే పెట్రోలుకు ఏమాత్రం తీసిపోదు. కాకపోతే అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ పొయ్యాలి. మైలేజీ పడిపోయేది అందుకే.

అయితే ఈ లెక్క ప్రకారం సత్తా సమానం కావాలి తప్ప పెరగకూడదు కదా. అక్కడే సూపర్‌చార్జర్ సంగతి వస్తుంది.

గాలిని కూరి కూరి ఇంజన్‌లోకి తోసే యంత్రం సూపర్‌చార్జర్. టర్బో అయితే సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువుల తోపుడుతో తిరుగుతుంది. సూపర్‌చార్జర్‌ను ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచి బెల్టు వేసి తిప్పుతారు. యాక్సిలరేటర్ తొక్కీ తొక్కగానే గాలి వచ్చి పడుతుంది, టర్బోలో లాగా క్షణకాలం ఆగడం ఉండదు. ఎక్సీజ్‌లో ఉన్నది రూట్స్ రకం సూపర్‌చార్జర్. 19వ శతాబ్దంలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అనే అన్నదమ్ములు ఈ పద్ధతిలో గాలి పంపు కనిపెట్టారు, అప్పట్లో అది కొలుములకు గాలి కొట్టడానికి వాడుకలోకి వచ్చింది. తర్వాత కార్లకెక్కింది. ఈ తరహా కార్లకు మార్పులు చేసి వేగం పెంచేవాళ్లు ముందుగా చేసే పని, సూపర్‌చార్జర్ మీది పుల్లీ తీసేసి ఇంకాస్త చిన్నది వేయడం. పుల్లీ చిన్నదైతే అది ఇంకా వేగంగా తిరుగుతుంది, గాలి ఇంకా ఎక్కువ వస్తుంది. దీన్నే బూస్ట్ పెంచడం అంటారు.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ ట్యూబులో గాలి కొట్టినప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. బయట 30 డిగ్రీలున్న గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి నొక్కామనుకోండి. నష్టాలేమీ లేని ఆదర్శ యంత్రమైతే అది 67 డిగ్రీలకు చేరుతుంది. రూట్స్ రకం సూపర్‌చార్జర్ అంత సమర్థమైనది కాదు. దాని సామర్థ్యం 60 శాతం అనుకుని లెక్క కడితే గాలి దాదాపు 92 డిగ్రీలతో బయటికొస్తుంది. రెండు రెట్ల పీడనానికి నొక్కితే 140 డిగ్రీలు. బయట మన రామగుండం ఎండాకాలపు గాలి ఉంటే ఇంకా పైకి పోతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి చల్లబరుస్తారు. ఎక్సీజ్‌లో అది సీట్ల వెనక ఇంజన్ నెత్తిన కూర్చుంటుంది, కారు పైకప్పు మీది గాడిలోంచి దానికి గాలి తగులుతుంది. రేస్ ట్రాక్ మీద నాలుగు చుట్లు గట్టిగా తిప్పేసరికి ఆ ఇంటర్‌కూలరే కాలిపోతున్నంత వేడెక్కుతుంది. దీన్ని కారువాళ్లు హీట్ సోక్ అంటారు. మొదటి చుట్టులో చూపిన సత్తా ఐదో చుట్టులో ఉండదు.

వేడి గాలితో మొదటి నష్టం, అది పలచగా ఉంటుంది, అందుచేత ఆక్సిజన్ తక్కువ. అది చిన్న నష్టం. పెద్ద ముప్పు నాకింగ్.

నాకింగ్ అనే మాట మన మెకానిక్కుల నోట రోజూ వినపడేదే. ఎత్తు ఎక్కేటప్పుడు పాత బండి కటకటమని కొట్టుకుంటే అదే. లోపల జరిగేది ఇది. స్పార్క్ ప్లగ్ దగ్గర మంట అంటుకుని నాలుగు వైపులకూ పాకుతుంది. కాలిన వాయువు ఉబ్బి, ఇంకా కాలని మిశ్రమాన్ని సిలిండర్ గోడల వైపు నొక్కుతుంది. నొక్కుడుకు ఆ మూలనున్న మిశ్రమం వేడెక్కి, మంట తన దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా తనంతట తానే భగ్గుమంటుంది. ఆ పేలుడుకు పుట్టిన పీడన తరంగాలు సిలిండర్ లోపల గోడకూ గోడకూ మధ్య తిరగబడి కొట్టుకుంటాయి. ఎక్సీజ్ ఇంజన్‌కున్నంత, అంటే 82 మిల్లీమీటర్ల వెడల్పున్న సిలిండర్‌లో ఆ కంపనం సెకనుకు దాదాపు 6 నుంచి 7 వేల సార్లు ఉంటుంది. ఇంజన్ దిమ్మెకు బిగించిన నాక్ సెన్సర్ చెవి ఒగ్గి వినేది ఆ మోతనే. వినపడిందంటే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది, సత్తా పోతుంది. సెన్సర్ పట్టించుకోలేని స్థాయికి పోతే పిస్టన్ అంచులు పగులుతాయి, రింగులు విరుగుతాయి, ఒక్కోసారి పిస్టన్ నెత్తిన బెజ్జమే పడుతుంది.

ఎక్సీజ్ ఇంజన్‌కు ఈ బెడద ఇంకా ఎక్కువ. అది మొదట్లో సూపర్‌చార్జర్ కోసం గీసిన ఇంజన్ కాదు. దాని కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందనే లెక్క, 11.5. బూస్ట్ పెట్టే ఇంజన్లకు మామూలుగా ఇంతకన్నా తక్కువ ఉంచుతారు. అసలే గట్టిగా నొక్కే సిలిండర్‌లోకి ముందే నొక్కిన గాలిని పంపడమంటే, పెట్రోల్ సహనానికి పరీక్ష పెట్టడమే.

ఇథనాల్ పనికొచ్చేది ఇక్కడ. కరోనా రోజుల్లో చేతులకు శానిటైజర్ రాసుకున్నప్పుడల్లా అరచేయి చల్లబడడం అందరికీ గుర్తుండే ఉంటుంది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని అది చేతిలోంచి లాక్కుంటుంది. కిలో పెట్రోల్ ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్లు పడితే, కిలో ఇథనాల్‌కు 840 నుంచి 920 దాకా పడుతుంది. పైగా అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ పోస్తాం కదా. రెండూ కలిపి చూస్తే, కిలో గాలిలోంచి పెట్రోల్ లాగేసే వేడి 24 కిలోజౌళ్లయితే ఇథనాల్ లాగేది 93 నుంచి 102 దాకా. నాలుగింతలు. కాగితం మీద ఇది గాలిని 90 డిగ్రీలకు పైగా చల్లబరచగల లెక్క. ఇంజన్‌లో అంత జరగదు. ఇంధనంలో కొంత భాగం గాలిలో కాకుండా వేడి గోడలకు తగిలి ఆవిరవుతుంది, కొంత ఆలస్యంగా ఆవిరవుతుంది. అయినా మిగిలే చల్లదనం తక్కువేమీ కాదు. ఇంటర్‌కూలర్ వెనక ఇంకో ఇంటర్‌కూలర్ పెట్టినట్టు, అదీ సిలిండర్ గుమ్మంలోనే. హీట్ సోక్‌కు ఇంతకన్నా చవకైన మందు నాకు తెలిసి లేదు.

రెండో గుణం అణువులోనే ఉంది. పెట్రోల్‌లో ఉండే పొడుగాటి హైడ్రోకార్బన్ గొలుసులు వేడి, పీడనం తగిలితే అసలు మంటకు ముందే ముక్కలు కావడం మొదలెడతాయి. ఆ ముక్కలే తొందరపాటు మంటకు పుల్ల గీస్తాయి. రెండే కార్బన్ పరమాణువులున్న ఇథనాల్ అంత తేలిగ్గా లొంగదు. నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ సంఖ్యలో చూస్తే, స్వచ్ఛమైన ఇథనాల్‌ది 109 ప్రాంతంలో ఉంటుంది. మన ఇ-20 పెట్రోలుది 95.

ఇప్పుడు 46 హార్స్‌పవర్ లెక్క కుదురుతుంది. మిశ్రమం చల్లబడి చిక్కబడింది కాబట్టి సిలిండర్‌లో ఎక్కువ ఆక్సిజన్ పట్టింది. నాకింగ్ భయం తగ్గింది కాబట్టి స్పార్క్‌ను పిస్టన్ పైకి రావడానికి ఇంకొన్ని డిగ్రీల ముందే ఇవ్వగలిగారు, దాంతో పీడనం సరైన క్షణంలో పిస్టన్ మీద పడింది. పెట్రోలుతో ఆ ఇంజన్ తన అసలు సత్తాను దాచుకుని నడుస్తోంది. ఇథనాల్ కొత్తగా శక్తి తెచ్చిపెట్టలేదు, ఉన్న శక్తిని భయం లేకుండా వాడుకోనిచ్చింది.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. విమానాలవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1931లో సూపర్‌మెరైన్ ఎస్.6బి అనే సముద్ర విమానం గంటకు 407.5 మైళ్ల వేగంతో ప్రపంచ రికార్డు కొట్టింది. దాని సూపర్‌చార్జ్‌డ్ రోల్స్ రాయిస్ ఇంజన్‌కు ఆ రోజు పోసిన ఇంధనంలో 60 శాతం మిథనాల్, 30 శాతం బెంజాల్, 10 శాతం ఎసిటోన్. యుద్ధకాలంలో జర్మన్లు మెసర్‌స్మిట్ యుద్ధ విమానాల సూపర్‌చార్జర్లలోకి నీళ్లు, మిథనాల్ సగం సగం కలిపి చిమ్మేవారు. అదీ చల్లబరిచే ఉపాయమే.

కార్లు వేరే దారిన పోయాయి. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్లీ, పెట్రోల్‌లో టెట్రాఇథైల్ లెడ్ చిటికెడు కలిపితే నాకింగ్ ఆగిపోతుందని కనిపెట్టాడు. ఆల్కహాల్‌తోనూ నాకింగ్ తగ్గుతుందని ఆయనకు తెలుసు. కానీ ఎవరైనా కాచుకోగల ఆల్కహాల్ మీద హక్కులు సంపాదించడం ఎలా కుదురుతుంది? 1923లో సీసం కలిపిన పెట్రోల్ అమెరికా బంకుల్లోకి వచ్చింది. మన దేశంలో దాన్ని పూర్తిగా మానేసింది 2000లో. ప్రపంచంలో చివరగా మానేసిన దేశం అల్జీరియా, 2021లో. నూరేళ్లు పిల్లల రక్తంలో సీసం చేరింది. ఇథనాల్ మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ సంగతి పక్కన పెట్టుకుని చూడాలనిపిస్తుంది.

మళ్లీ కారు దగ్గరికి వద్దాం. ఇ-85 పోస్తే చాలు, కారు పరుగెడుతుందనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. ముందు ఇంజెక్టర్ల సంగతి. ఎక్సీజ్ ఇంజన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఒక్కో చుట్టుకు పట్టే కాలం 7.5 మిల్లీ సెకన్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఇంధనం చిమ్మాలి. అంటే ఇంజెక్టర్ చేతిలో ఉన్న మొత్తం కాలం 15 మిల్లీ సెకన్లు. పెట్రోలుతో అది 11 మిల్లీ సెకన్లు తెరుచుకుంటోందనుకుందాం. ఇ-85 అయితే ఘనపరిమాణంలో సుమారు 40 శాతం ఎక్కువ పొయ్యాలి, అంటే 15.4. ఉన్నదే 15! ఇంజెక్టర్ మూతపడకుండా ధారగా కారుతున్నా చాలదు. అది చాలకపోతే మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది, దేన్ని తప్పించుకోవాలనుకున్నామో అదే వచ్చి నెత్తిన పడుతుంది. అందుకే లోటస్‌వాళ్లు పెద్ద ఇంజెక్టర్లు, బలమైన పంపు వేసి, ఈసీయూలోని లెక్కలన్నీ తిరగరాశారు. ఇంట్లో గ్యారేజీలో చేసుకునేవాళ్లైనా ఈ మూడూ చెయ్యాల్సిందే. పంపు మార్చకుండా ఇంజెక్టర్లు మాత్రమే మార్చి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లు కోకొల్లలు.

ఇంకో చిక్కు ఏమిటంటే ఇ-85 అని బంకు మీద రాసినంత మాత్రాన అందులో 85 శాతం ఉండదు. అమెరికా ప్రమాణం ప్రకారం 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. చలికాలంలో ఇథనాల్ తగ్గిస్తారు. స్వచ్ఛమైన ఇథనాల్ 12, 13 డిగ్రీల కన్నా చల్లబడితే నిప్పు అంటుకునేంత ఆవిరి ఇవ్వదు, అమెరికా ఉత్తరాన మినియాపొలిస్ లాంటి ఊళ్లో జనవరి చలికి కారు స్టార్ట్ కావాలంటే పెట్రోల్ పాలు పెరగాల్సిందే. బ్రెజిల్‌లో ఇథనాల్ కార్లకు బానెట్ కింద చిన్న పెట్రోల్ డబ్బా విడిగా పెట్టేవారు, చలి ఉదయం స్టార్ట్ చేయడానికే అది. ఈ నెల 80 శాతానికి సరిచేసిన స్పార్క్ లెక్కతో వచ్చే నెల 55 శాతం ఇంధనం పోస్తే నాకింగ్ తిరిగొస్తుంది.

దీనికి పరిష్కారం ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్. నాకు ఈ మొత్తం సామగ్రిలో ముచ్చటగా అనిపించేది ఇదే. ఇంధన గొట్టం మధ్యలో బిగించే అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద ముక్క. లోపల రెండు పలకలు, వాటి మధ్య నుంచి ఇంధనం పారుతుంది. విద్యుత్ క్షేత్రంలో పెట్రోల్ దాదాపు చలనం లేకుండా ఉంటుంది, దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 2. ఇథనాల్‌ది 24 ప్రాంతం. ఇంత ఎడం ఉంది కాబట్టి మిశ్రమంలో ఎంత శాతం ఏదో పలకల మధ్య కొలతే చెప్పేస్తుంది. జనరల్ మోటార్స్ కార్లలో వాడే సెన్సర్ ఆ జవాబును సెకనుకు ఇన్ని స్పందనలని పంపుతుంది. 50 వస్తే ఇథనాల్ సున్నా. 150 వస్తే నూటికి నూరు. 120 వచ్చిందా, 50 తీసేయండి, 70 శాతం. ఆ స్పందన వెడల్పును బట్టి ఇంధనం ఉష్ణోగ్రత కూడా తెలుస్తుంది. 150 దాటి పోతే ఇంధనంలో నీళ్లు కలిశాయని అనుమానించాలి, నీటి స్థిరాంకం 80 మరి. ఈ అంకెను చూసుకుని ఈసీయూ ఇంజెక్టర్ కాలాన్ని, స్పార్క్ సమయాన్ని, బూస్ట్ నియంత్రణ ఉన్న బండైతే దాన్ని కూడా అప్పటికప్పుడు సర్దుకుంటుంది.

సెన్సర్ లేనివాళ్లు గాజు కొలజాడీతో తేల్చుకుంటారు. 50 మి.లీ. నీళ్లు, 50 మి.లీ. ఇంధనం పోసి మూత పెట్టి కుదిపి వదిలేస్తే, ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటిలోకి దిగిపోతుంది. కింది పొర గీత 50 నుంచి పైకి జరుగుతుంది. మన ఇ-20 అయితే ఆ గీత 60కి కొంచెం కింద ఆగాలి. 75 శాతం ఉన్న ఇ-85 అయితే 87కి కాస్త కింద ఆగుతుంది. (చేసి చూడాలనుకునేవాళ్లు ఇంటి బయట, పొయ్యికీ సిగరెట్టుకూ దూరంగా చెయ్యండి, ఆ నీళ్ల పెట్రోలును తిరిగి ట్యాంకులో మాత్రం పోయకండి.)

ఇథనాల్‌కూ నీటికీ ఉన్న ఈ స్నేహమే అసలు తలనొప్పి. గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. తక్కువ ఇథనాల్ ఉన్న మిశ్రమంలో నీరు ఒక మోతాదు దాటితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుక్కి చేరతాయి, పైన ఇథనాల్ చాలావరకు పోయిన పెట్రోల్ తేలుతుంది. పది శాతం మిశ్రమానికి ఆ మోతాదు అర శాతం నీరే. రోజూ తిరిగే బండికి ఇది పెద్దగా పట్టదు, ఇంధనం ఎప్పటికప్పుడు మారుతుంటుంది. నెలల తరబడి గుడ్డ కప్పి ఉంచే స్పోర్ట్స్ కారుకే ముప్పు. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగులుతాయి, జింకు పూతను, అల్యూమినియాన్ని కూడా ఇథనాల్ తింటుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయాలి. చల్లని ఇంజన్‌లో ఆవిరి కాని ఇంధనం రింగుల పక్క నుంచి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి ఆయిల్ ముందుగానే మార్చాలి. ఎక్సీజ్ ట్యాంకు 40 లీటర్ల చిల్లర, ట్రాక్ మీద ఇ-85తో అది ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చెప్పక్కర్లేదు.

కంపెనీలే ఈ పని చేసి అమ్మిన కార్లూ ఉన్నాయి. 2023లో వచ్చిన డాడ్జ్ చాలెంజర్ డీమన్ 170లో 6.2 లీటర్ల వీ8 ఇంజన్, 3 లీటర్ల సూపర్‌చార్జర్. అమెరికాలో మామూలుగా దొరికే ఇ-10 పోస్తే 900 హార్స్‌పవర్, ఇ-85 పోస్తే 1,025. ఇంధనం మార్చినందుకు 125 హార్స్‌పవర్ తేడా! అంటే మన ఊళ్లలో తిరిగే చిన్న కారు ఇంజన్లు ఒకటిన్నర కలిపినంత. రోడ్డు మీద ఆ తేడాతో ఏం చేస్తారో నాకు అర్థం కాదు కానీ ఇంజనీరింగ్‌గా చూస్తే ఇంతకన్నా తేటగా ఇథనాల్ గుణాన్ని చూపించే ఉదాహరణ దొరకదు. అమెరికా ఇండీ కార్ రేసుల్లో 2007 నుంచి ఇథనాల్‌తోనే నడిపారు, తర్వాత 2012లో ఇ-85కు మారారు.

డల్లాస్‌లోనో చికాగోలోనో ఉంటూ సెకండ్ హ్యాండ్‌లో ఇలా మార్చిన కారు కొనాలని చూసే మన కుర్రాళ్లకు ఒక మాట. ఇంధన మూత పసుపు రంగులో ఉన్న కంపెనీ ఫ్లెక్స్ ఫ్యూయల్ కారు వేరు, ఎవరో గ్యారేజీలో మార్చిన కారు వేరు. ఏ శాతానికి ట్యూన్ చేశారు, సెన్సర్ ఉందా, ఇంజెక్టర్ల సైజు ఎంత, ఇంజన్ సత్తాను కొలిచి ఇచ్చే డైనో కాగితం ఉందా అని అడగండి. పెట్రోలుకు మాత్రమే ట్యూన్ చేసిన సూపర్‌చార్జ్‌డ్ కారులో ఇ-85 పోస్తే ఈసీయూ తన చేతనైనంత సర్దుకుని, ఆపై చేతులెత్తేస్తుంది. ఇక్కడ మన దేశంలోనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు, ఇన్సూరెన్స్ కంపెనీ కూడా మొహం చాటేస్తుంది.

ఇక మోటార్ సైకిల్ మీద ఆఫీసుకు పోయే మనిషి గొణుగుడు. 2025 నాటికి మన పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఆ ఇథనాల్‌కు చెరకుతో పాటు మొక్కజొన్న, బియ్యం కూడా పోతున్నాయి. ఇథనాల్ ఫ్యాక్టరీ తమ ఊరికి వద్దని 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు రోడ్డెక్కారు. ఆ గొడవ వేరే వ్యాసానికి సరిపడా ఉంది. ఇంజన్ మట్టుకు చెబితే, లీటరులో ఐదో వంతు ఇథనాల్ అయినప్పుడు శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదికే పాత కార్లకు 6-7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం మైలేజీ తగ్గుతుందని, ఇ-20కి తగ్గట్టు సరిచేసిన కార్లకైతే 1-2 శాతమేనని రాసింది. ఎక్సీజ్‌లో లోటస్‌వాళ్లు వాడుకున్న చల్లదనం, ఆక్టేన్ మన బండికీ వస్తాయి. కానీ మన ఇంజన్ కంప్రెషన్ పెంచలేదు, స్పార్క్ ముందుకు జరపలేదు. అడగని ఇంజన్‌కు ఆ గుణాలు అక్కరకు రావు, తగ్గిన శక్తి మాత్రం ప్రతి లీటరులోనూ తగులుతుంది.

ఆక్టేన్ 95కు చేరింది కాబట్టి దాన్ని వాడుకునే ఎక్కువ కంప్రెషన్ ఇంజన్లు ఇకపై రావాలి, కంపెనీలకు అది చేతకాని పని కాదు. ఈలోగా రోడ్ల మీదున్న కోట్లాది పాత బండ్లకు రెండు పనులు చెయ్యొచ్చు. ప్రతి నాజిల్ దగ్గర ఎంత శాతం ఇథనాల్ ఉందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. లీటరులో తగ్గిన శక్తి మేరకు లీటరు ధర తగ్గించాలి.